రెండో ట్రయల్

"ఎవడు చేశాడో గానీ ఆ పళ్ళ సెట్టు, వాడి రెండు చేతులూ విరగ్గొట్టాలి తాతా!" అన్నాడు మేస్త్రి.

హెడ్‌ఫోన్లో ఆటలో తోటి జట్టువాళ్ళు గద్దా పిడుగూ విరగబడి నవ్వారు. ఒకడికి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. మేస్త్రికి హుషారొచ్చింది. పదిమందిని నవ్వించగలిగితే ఆ పూట అన్నం తినకపోయినా ఫరవాలేదనుకునే రకం అతను.

ఆదివారం సాయంత్రం ఏడు గంటలు. ముందుగదిలో కంప్యూటరు ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని ఆడుతున్నాడు. యుద్ధం ఆట. తెర మీద సగం కూలిన ఊరు, నడుమ వంతెన, ఒక పక్క గోడౌన్లు, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకు. నలుగురు ఒక జట్టు, ఎదుటి జట్టులోనూ నలుగురే. ఎవరెక్కడుంటారో, ఏం చేస్తారో ఎవరికీ తెలీదు. గొంతులూ, ఆటలో పెట్టుకున్న పేర్లే తెలుసు. తెలుగు మాట్లాడేవాళ్ళకి ఆటలో విడిగా ఒక గది ఉంది, అందులోకి వచ్చినవాళ్ళని ఆటే జట్లుగా కలుపుతుంది.

గద్ద దూరం నుంచి గురి చూసి కాలుస్తాడు. పిడుగు ముందూ వెనకా చూడకుండా దూకి చస్తాడు, పది సెకన్లలో మళ్ళీ లేచి మళ్ళీ దూకుతాడు. మేస్త్రి జట్టు నాయకుడు. నాలుగో మనిషి శుక్రవారం వచ్చి కలిశాడు. వయసు మళ్ళిన గొంతు. 'స' అన్నా 'శ' అన్నా సన్నగా ఈల వస్తుంది. మాటమాటకీ నోట్లో ఏదో టక్కుమంటుంది. వచ్చిన పావుగంటకే పిడుగు ఆయనకి ఈలతాత అని పేరు పెట్టేశాడు.

మేస్త్రికి ఆ చప్పుడు సంగతి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. పదకొండేళ్ళుగా పళ్ళ డాక్టరమ్మ దగ్గర కట్టుడుపళ్ళు చేసేది అతనే. అందుకే ఈ వేళ తన విద్యంతా బయటపెట్టాడు.

"చూడు తాతా, నీ పై వరస ముందుకొచ్చింది. అంగిట్లో మందం ఎక్కువైంది. గాలి పోవడానికి చోటు లేక ఈల వేస్తోంది. ఆ టక్కు టక్కు అంటావా, సెట్టుకి పట్టు లేదు. నీ పళ్ళు నువ్వు మాట్లాడకముందే మాట్లాడేస్తున్నాయి."

మళ్ళీ నవ్వులు. అప్పుడే చేతుల సంగతి కూడా అన్నాడు.

"కొత్త సెట్టు బాబూ," అన్నాడు ఈలతాత. 'సె' దగ్గర ఈల సాగింది. "ఇంకా అలవాటు కాలేదు. మనవి, మనవి! ట్యాంకు దిగువన ఎడమవైపు ఇద్దరు. గోడౌను వైపు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నారు."

మేస్త్రి గోడౌను గుమ్మానికి తుపాకీ ఎక్కుపెట్టి కూర్చున్నాడు. ఇద్దరూ సరిగ్గా అక్కడికే వచ్చారు. ఇద్దరూ పడ్డారు.

అదీ ఆయనలో ఉన్న గొప్ప. కాల్చడం రాదు, పేలిస్తే ఆకాశానికే. కానీ నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చుని ఎవరు ఎటు నుంచి వస్తున్నారో చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ముప్ఫై రెండేళ్ళు బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చున్నాడట. ఏ బస్సు ఏ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పిన నోరు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

"గురువారం పొద్దున నాకో పరీక్ష ఉంది," అన్నాడు ఆట అయ్యాక. "స్టేషన్లో కొత్తవాళ్ళకి మైకు పని నేర్పేందుకు మనిషి కావాలట. ముందు ఓ గంట మైకులో చెప్పి చూపించమన్నారు. ఈలోగా ఈ నోరు దారికొస్తే చాలు."

"బస్సులు హారన్ కొట్టక్కర్లేదు తాతా, నువ్వే కొట్టేస్తావు," అన్నాడు పిడుగు.

ఈలతాత కూడా నవ్వాడు. నవ్వితే కూడా టక్కుమంది.

మంగళవారం పదకొండు గంటలప్పుడు మేస్త్రి వెనకగదిలో మైనం పని మీద ఉన్నాడు. స్టవ్వు మీద చాకు మొన వేడి చేసి, గులాబీరంగు మైనంలో ముంచి, ఒక్కో పన్నునీ వరసలో నిలబెడుతున్నాడు. వెనకగదికీ డాక్టరమ్మ గదికీ మధ్య తలుపు లేదు, పచ్చ కర్టెనే. గోడకి చెక్క అలమార. అందులో ప్లాస్టర్ అచ్చులు, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ. మేస్త్రికి పేషెంట్ల మొహాలు తెలీవు, నోళ్ళే తెలుసు. ఎవరి దవడ ఎటు ఒరిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

కర్టెన్ అవతల కుర్చీ కిర్రుమంది.

"నమస్తే డాక్టరమ్మా. శ్రమ అనుకోవద్దు. ఇది మూడోసారి రావడం."

మేస్త్రి చేతిలో చాకు ఆగిపోయింది. మైనం బొట్టు బల్ల మీద పడింది.

ఆ ఈల. ఆ టక్కు. హెడ్‌ఫోన్లో చెవి లోపల వినిపించేది, ఇప్పుడు ఆరడుగుల దూరంలో కర్టెన్ అవతల వినిపిస్తోంది.

"ఇంకా అలవాటు కాలేదా సార్?" అంది డాక్టరమ్మ. మంచి మనిషి, ఎవరినీ విసుక్కోదు. "రెండో ట్రయల్‌లో మైనం సెట్టు పెట్టుకుని మాట్లాడి చూశారు కదా. అప్పుడు బాగుందన్నారట."

"రెండో ట్రయలా?"

"అవును సార్. మొదటిసారి ఈల వస్తోందని ముందు పళ్ళు లోపలికి జరపమన్నాను. జరిపాక మళ్ళీ పెట్టి చూశారు. నేనప్పుడు సర్జరీలో ఉన్నాను. మా మేస్త్రి చూశాడు."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

"నాకు గుర్తు లేదమ్మా," అన్నాడు ఆయన. గొంతు తగ్గింది. "ఒక్కసారే పెట్టినట్టు గుర్తు. మా ఆవిడ కూడా ఈ మధ్య నీకు మరుపొచ్చిందంటోంది. అయి ఉంటుంది."

డాక్టరమ్మ ఏదో కాగితం మీద రాస్తున్న చప్పుడు. "వయసు కదా సార్. దీనికి మంచి డాక్టరున్నారు, ఒకసారి చూపించుకోండి. భయపడేదేం లేదు."

వెనకగదిలో మేస్త్రి అంతా విన్నాడు. రెండో ట్రయల్ లేదు. జరగలేదు. పెట్టనే లేదు. నెల కిందట ఒక సాయంత్రం ఆటలో కొత్త మ్యాపు వస్తోంది, ఆరు గంటలకల్లా ఇంట్లో ఉండాలి. డాక్టరమ్మ చీటీ ఎదురుగానే ఉంది: 'ముందు పళ్ళు రెండు మిల్లీమీటర్లు లోపలికి, మళ్ళీ ట్రయల్.' రెండు మిల్లీమీటర్లే కదా అనుకున్నాడు. మైనం సెట్టుని ఉన్నదున్నట్టు ఫ్లాస్కు అనే ఇత్తడి పెట్టెలో పెట్టి, ప్లాస్టర్ పోసి, మైనం కరిగించి, గులాబీరంగు ముద్ద నింపి ఉడకబెట్టేశాడు. మర్నాడు డాక్టరమ్మ అడిగింది, "మార్చావా? మళ్ళీ పెట్టి చూశావా?" అని. "చూశానమ్మా, బాగుందన్నారు," అన్నాడు. అంత సులువుగా వచ్చేసింది అబద్ధం. పదకొండేళ్ళ నమ్మకం మీద ఆవిడ రెండో మాట అడగలేదు.

కర్టెన్ పక్కకి జరిగింది. డాక్టరమ్మ చేతిలో ట్రే, ట్రేలో సెట్టు. అతను తయారుచేసిందే.

"చూడవయ్యా మేస్త్రీ. నువ్వు రెండోసారి పెట్టినప్పుడు నిజంగా ఈల లేదా?"

ఇదే సందు. మేస్త్రికి తెలుసు. ఒక్కమాట చెప్తే చాలు, రేపటికల్లా పళ్ళు జరిపి, గురువారం పొద్దున్నకి కొత్త సెట్టు ఇచ్చెయ్యొచ్చు. సెట్టుని చేతిలోకి తీసుకుని వెలుగుకి పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో అంగిలి దగ్గర తడిమాడు. చూడాల్సిందేం లేదు, అన్నీ తెలుసు.

"లేదమ్మా. ఆయనకి అలవాటు కావాలంతే," అన్నాడు.

ట్రేలో పెట్టేశాడు. ఆవిడ వెళ్ళిపోయింది. అతను బల్ల మీద పడ్డ మైనం బొట్టుని గోటితో గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆడకూడదనే అనుకున్నాడు. కానీ ఏడయ్యేసరికి చేతులు వాటంతటవే హెడ్‌ఫోన్ తీసుకున్నాయి. ఈలతాత వచ్చేసి ఉన్నాడు.

"మనవి. వంతెన మీదికి ఒకరు. స... స..." ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "సరిగ్గా నడుమ ఉన్నారు."

సాధన చేస్తున్నాడు మనిషి! ఒక్కో 'స'నీ పట్టుకుని, నోట్లో సర్దుకుని, మెల్లగా వదులుతున్నాడు. ఒక్కటీ దారికి రావడం లేదు. ఈలోగా వంతెన మీదివాడు పిడుగుని కాల్చేశాడు.

"ఛీ! నువ్వు నాలుక సర్దుకునేలోపు మేం శ్మశానానికి పోతున్నాం తాతా!" పిడుగు అరిచాడు. "నావల్ల కాదు బాస్. ఈయన్ని తీసేద్దాం."

జట్టులోంచి ఒకరిని తీసెయ్యాలంటే మిగతా ముగ్గురూ ఒప్పుకోవాలి. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. అవును, కాదు. పిడుగు అవును నొక్కాడు. గద్ద పెద్దగా పట్టించుకునే రకం కాదు, పిడుగు గోల పడలేక వాడూ అవును నొక్కాడు. ఇక మేస్త్రి.

"బాబూ," అన్నాడు ఈలతాత, మెల్లగా. "ఎల్లుండి దాకా ఉండనిస్తే నాకు సాధన అవుతుంది. ఇంట్లో మాట్లాడితే, ముందు అది తీసి మాట్లాడండి అంటుంది మా ఆవిడ. ఇక్కడైతే మొహం కనపడదు కదా అని."

పది సెకన్లు టైముంటుంది. తెర మీద అంకెలు తగ్గుతున్నాయి. తొమ్మిది, ఎనిమిది.

మేస్త్రికి ఆయన ఆట మీద కోపం లేదు. ఆయన వల్ల ఓడిపోయినా బాధ లేదు. ఆ ఈల వినలేకపోతున్నాడు, అంతే. అది ఎవరి ఈలో అతనికి తెలుసు. అది ఆయనది కాదు. తన రెండు మిల్లీమీటర్లది.

మూడు. అవును నొక్కాడు.

నాలుగో పేరు తెర మీద నుంచి పోయింది. "అమ్మయ్య, పీడ విరగడైంది," అన్నాడు పిడుగు. వెంటనే ఇంకెవరో కుర్ర గొంతు వచ్చి ఆ చోటు నింపింది.

వెనక గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చేతిలో మడతపెడుతున్న దుప్పటి. మైకుని వేలితో మూసి ఆమె వైపు తిరిగాడు.

"ఎవరినో పంపించేశారా?" అంది.

"ఊఁ."

"ఏం చేశాడు పాపం?"

మేస్త్రి మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఆమె రెండు క్షణాలు చూసి, దుప్పటి రెండో మడత వేసుకుంటూ లోపలికి వెళ్ళింది. మిగతా ఆటలో అతను పదకొండుసార్లు చచ్చాడు. అన్నిసార్లూ లేచాడు.

బుధవారం చెప్పేద్దామని గట్టిగా అనుకునే వెళ్ళాడు. మెట్లెక్కుతూ మాటలు కూడా కూర్చుకున్నాడు: "అమ్మా, ఒక పొరపాటు జరిగింది." కాదు, పొరపాటేమిటి? "అమ్మా, నేనొక తప్పు చేశాను." ఆ వేళ డాక్టరమ్మ దగ్గరికి ఇంకో డాక్టరు వచ్చి ఉన్నాడు, కొత్తగా ఆసుపత్రి పెట్టుకుంటున్నాడట. కర్టెన్ తీసి మేస్త్రిని చూపించింది.

"ఇదిగో, మా మేస్త్రి. ఈయన చేతి సెట్టు పెట్టుకుంటే పెట్టుకున్నట్టే తెలీదు. నేను కళ్ళు మూసుకుని నమ్మే మనిషి ఈయనొక్కడే."

మేస్త్రి వంగి నమస్కారం పెట్టాడు. కూర్చుకున్న మాటలు గొంతులోంచి కడుపులోకి జారిపోయాయి. మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళాక అలమార దగ్గరికి వెళ్ళి ఈలతాత అచ్చు తీశాడు. కింద చీటీ ఇంకా ఉంది. ఇప్పుడు మొదలుపెడితే చాలు, రేపు పొద్దున్నకి అయిపోతుంది. కానీ ట్రయల్ లేకుండా చేస్తే మళ్ళీ అదే తప్పు, ట్రయల్‌కి ఆయన నోరు కావాలి, ఆయన్ని పిలవాలంటే డాక్టరమ్మకి చెప్పాలి. ఎటు తిరిగినా ఆవిడ దగ్గరికే వచ్చి ఆగుతోంది. చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అచ్చుని ఉన్నచోటే పెట్టేశాడు. సిగ్గులేని వెధవ అని తనని తాను తిట్టుకున్నాడు, తిట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున క్లినిక్‌కి వెళ్ళే బస్సు బస్ స్టేషన్ మీదుగానే పోతుంది. రోజూ పోయేదే. ఆ వేళ స్టేషన్లో బస్సు ఆగగానే పైన లౌడ్‌స్పీకర్లోంచి వినపడింది.

"ప్రయాణికులకు మనవి. మూడవ నంబరు ప్లాట్‌ఫారం నుండి..."

మేస్త్రి దిగిపోయాడు. ఎందుకు దిగాడో అతనికే తెలీదు. స్తంభం పక్కన నిలబడ్డాడు.

హెడ్‌ఫోన్లో అది చిన్న ఈల. ఇక్కడ ఎనిమిది లౌడ్‌స్పీకర్లలో, రేకుల కప్పు కింద, ప్రతి 'స'కీ చెవులు గిల్లేంత ఈల. ప్రతి మాటకీ టక్కు, సుత్తితో మేకు కొట్టినట్టు. బెంచీల మీద జనం తలలెత్తి చూశారు. ఒకామె చెవులు మూసుకుంది. ఇద్దరు కాలేజీ పిల్లలు "స్స్స్‌మయం" అని వెక్కిరించి ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వు పక్క బెంచీకి పాకింది, అక్కణ్ణుంచి టీకొట్టు దాకా పోయింది. కండక్టర్లు కూడా నవ్వుతున్నారు.

"... సమయం... సాయంత్రం..."

ఆగిపోయాడు. లౌడ్‌స్పీకర్లలో ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ "సా" అన్నాడు. ఈల. అంతే, మైకు కట్టయింది. ఒక నిమిషం తర్వాత ఎవరో అమ్మాయి గొంతు ఆ మిగిలిన సగం చదివి ముగించింది.

మేస్త్రి వెనక ఎవరో అన్నారు, "ఎక్కడ దొరికాడ్రా బాబూ వీడు!" అని. మేస్త్రికి తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది. ఇంకో బస్సు ఎక్కలేదు, నడుచుకుంటూనే క్లినిక్‌కి వెళ్ళాడు.

డాక్టరమ్మ అప్పుడే గ్లవ్స్ తొడుక్కుంటోంది. జేబులోంచి చీటీ తీసి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నేను జరపలేదు. రెండో ట్రయల్ పెట్టలేదు. అబద్ధం చెప్పాను. మొన్న మళ్ళీ చెప్పాను."

ఆవిడ చీటీ చూసింది. అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత తొడుక్కున్న గ్లవ్స్ ఒక్కోటే తీసేసింది.

"ఎందుకయ్యా?"

"ఇంటికి తొందరగా వెళ్ళాలని."

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

అవునని ఉంటే బాగుండేది. మేస్త్రి నేల చూపులు చూశాడు. "లేదమ్మా. కంప్యూటర్లో ఆట. ఆ సాయంత్రం కొత్త మ్యాపు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేవాడు.

"ఆయనకి మరుపని నేను చెప్పాను," అంది. "చీటీ రాసిచ్చాను. పెద్దమనిషి ఆ చీటీ జేబులో పెట్టుకుని నాకు దణ్ణం పెట్టి వెళ్ళాడు." గ్లవ్స్ బల్ల మీద పడేసింది. "నీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు పళ్ళు జరుపు. రేపు ఆయన్ని పిలు. నువ్వే ఫోన్ చెయ్యి, ట్రయల్ నువ్వే పెట్టు, చేసింది నువ్వే చెప్పు. నేను గదిలో ఉండను."

గురువారమంతా ఆ పని మీదే కూర్చున్నాడు. అచ్చు మీద కొత్తగా మైనం సెట్టు కట్టి, ముందు ఆరు పళ్ళూ రెండు మిల్లీమీటర్లు కొలిచి లోపలికి జరిపాడు. కొలిచిందే మళ్ళీ కొలిచాడు. అంగిటి దగ్గర మైనాన్ని పొర పొరగా గీకి పల్చన చేశాడు. సాయంత్రం ఏడయింది, ఎనిమిదయింది. కంప్యూటరు ముందుకి వెళ్ళాలనిపించలేదు.

శుక్రవారం పది గంటలకి ఆయన వచ్చాడు. మొట్టమొదటిసారిగా మేస్త్రి ఆ మనిషి మొహం సరిగ్గా చూశాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కా. నోటికి అడ్డంగా చేతిరుమాలు. కుర్చీలో కూర్చుని, పాత సెట్టు తీసి ట్రేలో పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

మేస్త్రి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సార్, మీకు మరుపు లేదు. రెండో ట్రయల్ జరగలేదు. నేనే ఎగ్గొట్టి, జరిగిందని అబద్ధం చెప్పాను. ఆ డాక్టరు దగ్గరికి మీరు వెళ్ళక్కర్లేదు. ఇంకా ఒకటుంది సార్. ఆ ఆటలో..."

"తెలుసు బాబూ," అన్నాడు ఆయన. పళ్ళు లేని నోరు, మాట మెత్తగా వచ్చింది. "ముప్ఫై రెండేళ్ళు గొంతులతోనే బతికినవాణ్ణి. సెట్టు పెట్టినరోజు అద్దం పట్టుకుని 'నాలుగు రోజుల్లో అలవాటైపోతుందండీ' అన్నావు చూడు. కిందటి శుక్రవారం ఆటలో నువ్వు నోరు విప్పగానే గుర్తుపట్టాను, ఆ అబ్బాయే అని."

ఆదివారం తను అన్నదంతా ఒక్కో మాటా మేస్త్రికి గుర్తొచ్చింది. పై వరస, మందం, చేతులు విరగ్గొట్టడం. అన్నీ వింటూ, ఎవరంటున్నారో తెలిసే కూర్చున్నాడా ఈయన?

"మరి ఎందుకండీ ఊరుకున్నారు? ఇది చేసింది నువ్వేరా అని అక్కడే, అందరి ముందూ అనెయ్యాల్సింది."

"అందామనే అనుకున్నాను. రెండుసార్లు నోటిదాకా వచ్చింది." ఆయన చేతిరుమాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఏం అనాలి? సెట్టు చేసింది నువ్వే అనాలి. అందులో 'సె' ఉంది కదా బాబూ. ఈల వస్తుంది. మీరు ఎలాగూ నవ్వుతారు."

గోడ అవతల కుళాయి పారుతున్న చప్పుడు. మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులకి మైనం.

"స్టేషన్లో ఏమన్నారండీ?" అని మాత్రం అడగగలిగాడు.

"కబురు చేస్తామన్నారు. చెయ్యరులే. ఆ చదివిన అమ్మాయినే తీసుకున్నారట." ఆ మాట కూడా ఆయన మామూలుగానే అన్నాడు. "కానీ, పెట్టు. వచ్చిన పని కానీ."

మేస్త్రి మైనం సెట్టు తడిపి, రెండు చేతులతో జాగ్రత్తగా ఆయన నోట్లో పెట్టాడు. చూపుడువేళ్ళతో రెండు పక్కలా నొక్కి పట్టు చూశాడు. "మెల్లగా మూయండి. ఇప్పుడు సాయంత్రం అనండి సార్."

ఆయన చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వచ్చింది.

"చెయ్యి తియ్యండి సార్. నాకు వినపడాలి."

చెయ్యి దించడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. గొంతు సవరించుకున్నాడు.

"సాయంత్రం," అన్నాడు.

ఈల లేదు. టక్కు లేదు. శుభ్రంగా, నిండుగా వచ్చింది మాట. ఆ గదిలో ఎవరు విన్నా చెప్పేస్తారు. కానీ ఆయన తన మాట తాను వినలేదు. అనడం ముగియకుండానే మేస్త్రి మొహం వైపు చూశాడు, నవ్వుతున్నాడేమోనని.